సుఖజీవనానికి హద్దులు: ఎపిక్యురస్, అర్‌రాజీ

గ్రీకు తాత్త్వికులలో ఎపిక్యురస్ పేరు భోగలాలసతకు మారుపేరైపోయింది. సుఖమే జీవిత పరమార్థమని ఆయన చెప్పిన మాట నిజమే. కాని క్రీ.పూ. 341లో సామోస్ దీవిలో పుట్టి, ఏథెన్సులో ఒక తోటలో మిత్రులతో కలిసి సాదాగా బ్రతికిన ఈ తత్త్వవేత్త దృష్టిలో సుఖమంటే విందులు, వినోదాలు కావు. దేహానికి నొప్పి, మనసుకు కలత లేకపోవడమే సుఖం. ఆకలిగొన్నవానికి రొట్టె, నీరు చాలు. ఏ సుఖం వెనుక ఏ దుఃఖం పొంచి ఉన్నదో లెక్కగట్టి, కొన్నిటిని వదులుకోగలగడమే వివేకం. అందుకే మెనోయికియస్‌కు వ్రాసిన లేఖలో ఆయన వివేకానికి తత్త్వశాస్త్రం కన్నా ఎక్కువ విలువ కట్టాడు. అయితే మరణంతో సర్వం ముగుస్తుందని నమ్మినవాడు గనుక, ఆయన లెక్కలో పరలోకం లేదు. ఇస్లామీయ దృష్టిలో ఇది చిన్న లోటు కాదు.

పరలోకాన్ని కూడా చేర్చి ఇటువంటి లెక్క వేసినవాడు రయ్ నగర వైద్యుడు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అర్‌రాజీ (మరణం సుమారు 925). ఆయన ఎపిక్యురస్ శిష్యుడు కాడు. ప్లేటో 'తిమయస్' గ్రంథపు ఛాయలు ఆయనలో కనిపిస్తాయి. చెదిరిన దేహం తిరిగి సహజస్థితికి చేరడమే సుఖమని ఆయన అభిప్రాయం. దప్పిక లేనివానికి నీటిలో సుఖమేమున్నది? దైవదౌత్యం విషయంలో ఆయనకు ఆపాదించబడిన భావాలను పలువురు పండితులు తీవ్రంగా ఖండించారు. ఆ వివాదం ఎట్లున్నా, ఆయన 'అస్సీరతుల్ ఫల్సఫియ్య' శ్రద్ధగా చదవదగిన చిన్న పుస్తకం.

సోక్రటీసువలె నిరాడంబరంగా జీవించడం లేదని తనను ఆక్షేపించినవారికి అర్‌రాజీ ఇచ్చిన సమాధానమే ఈ పుస్తకం. ఆ కఠోర వైరాగ్యం సోక్రటీసు తొలినాళ్లదేననీ, పిదప ఆయన సంసారం చేశాడనీ, యుద్ధంలో పోరాడాడనీ వాదించాడు. (నిజానికి ఆ వైరాగ్యం చాలావరకు డయోజనీసుది. అరబ్బీ గాథలలో ఇద్దరూ కలిసిపోయారు.) సుఖానికి పై హద్దు, క్రింది హద్దు ఉన్నాయన్నాడు. అన్యాయం, హత్య వంటి దైవానికి అప్రియమైన పని చేస్తేగాని దక్కని సుఖం జోలికి పోరాదు. అట్లని దేహం చెడేటంతగా కడుపు మాడ్చుకొనరాదు. దేహాన్ని కాల్చుకొనే హిందూదేశపు తాపసులను, క్రైస్తవ సన్యాసులనే గాక, సంపాదన మాని మసీదులలో కూర్చుండిపోయిన ముస్లిములను సైతం ఆయన తప్పుపట్టాడు.

తాను మితిమీరినది ఒక్క విద్యలోనే. 'అల్ జామిఉల్ కబీర్' కొరకు 15 సంవత్సరాలు రేయింబవళ్లు శ్రమించగా చూపు మందగించింది, చేతి కండరాలు చెడిపోయాయి. అయినా మానలేదు. ఇతరులచేత చదివించుకొంటూ, వ్రాయించుకొంటూ పని సాగిస్తున్నానని ఆయనే చెప్పుకొన్నాడు.