మీకు తెలుసా? కోడి రెక్క కరకరలాడాలంటే ముందు తడి పోవాలి

ఎయిర్ ఫ్రైయర్‌లో చికెన్ వింగ్స్ చేసుకున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "బాగానే ఉడికాయి గానీ, కరకరలాడలేదు." మసాలా మార్చి చూస్తారు, ఇంకో పది నిమిషాలు ఎక్కువ పెట్టి చూస్తారు. ముక్క గట్టిపడుతుంది తప్ప చర్మం పెళుసుగా తయారవదు. కారణం మసాలాలో లేదు, యంత్రంలోనూ లేదు. కోడి చర్మంలో ఉన్న నీళ్లలో ఉంది. ఆ నీళ్లు ఎప్పుడు బయటికి పోతాయి, ఎటు పోతాయి అన్నదే ఈ వంటకు ప్రాణం.

గాలికీ నూనెకూ ఉన్న తేడా

ఎయిర్ ఫ్రైయర్ లోపల పైభాగంలో వేడెక్కే కాయిల్, దాని పైన ఫ్యాన్ ఉంటాయి. వేడిగాలి జోరుగా కిందికి దిగి, బుట్ట చిల్లుల గుండా తిరిగి పైకి వస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ వాన్ డెర్ వెయ్ రూపొందించిన ఈ పద్ధతిని ఫిలిప్స్ సంస్థ 2010లో 'ఎయిర్‌ఫ్రైయర్' పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఫ్యాన్‌తో వేడిగాలిని తిప్పి వండాలన్న ఆలోచన మాత్రం అంతకంటే చాలా పాతది. 1940లలోనే అమెరికాలో విలియం మ్యాక్సన్ అనే ఆయన, నౌకాదళ విమానాల్లో గడ్డకట్టించిన భోజనాలను వేడిచేయడానికి ఫ్యాన్ ఉన్న చిన్న ఓవెన్ తయారుచేశాడు.

180 డిగ్రీల నూనెలో వేలు పెట్టే సాహసం ఎవరూ చేయరు. అదే 200 డిగ్రీల ఓవెన్‌లోకి క్షణంపాటు చెయ్యి పెట్టి ట్రే సర్దగలం. నూనె వేడిని అందించే వేగం గాలికి లేదు. అందుకే బజ్జీ పిండిలా జారుగా కలిపిన పిండిలో ముంచిన ముక్క ఎయిర్ ఫ్రైయర్‌లో పనికిరాదు. నూనెలో పడగానే ఆ పిండి గట్టిపడి ముక్కను పట్టుకుంటుంది. గాలిలో అది గట్టిపడేలోపే బుట్ట చిల్లుల్లోంచి కారిపోతుంది. గాలికి ఇంకో బలం ఉంది. తడి ఆవిరై ముక్క చుట్టూ చేరిన చెమ్మను ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. ఆ బలాన్ని వాడుకోవాలంటే పిండి పూత అక్కర్లేదు. చర్మమే చాలు.

నిజానికి ఈ వంటకం పుట్టినప్పుడు కూడా పిండి లేదు. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో, యాంకర్ బార్ నడిపే టెరెసా బెలిసిమో రెక్కలను పిండి పెట్టకుండా నూనెలో వేయించి, వెన్న, మిరప సాస్ కలిపి పట్టించి వడ్డించిందని చెబుతారు. అంతవరకు అక్కడ రెక్కలంటే సూప్ గిన్నెలోకి పోయేవే. అదే నగరంలో జాన్ యంగ్ అనే నల్లజాతి వంటవాడు, ఆ రోజుల్లోనే తానూ వేరే పద్ధతిలో రెక్కలు అమ్మానని చెప్పుకున్నాడు. ఆయన రెక్కల్ని ముక్కలు చేయకుండా, పిండి పట్టించి వేయించి, మంబో అనే సాస్ పోసేవాడు. ఆయన పేరు కూడా ఈ కథలో తప్పక ఉండాలి. 1977లో బఫెలో నగరం జులై 29ని చికెన్ వింగ్ డేగా ప్రకటించింది. ఇప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన ఒక్క సూపర్ బౌల్ ఆట సమయంలోనే అమెరికన్లు వంద కోట్లకు పైగా రెక్కలు తింటారని అక్కడి జాతీయ చికెన్ కౌన్సిల్ అంచనా.

షాపులోనే సగం పని

మన చికెన్ షాపుల బోర్డు మీద స్కిన్‌తో ఒక రేటు, స్కిన్‌లెస్‌కు ఒక రేటు ఉంటాయి. కూరకు అలవాటుపడిన మనం ఆలోచించకుండా స్కిన్‌లెస్ అంటాం. వింగ్స్ విషయంలో మాత్రం అలా అనగానే వంట అక్కడే పోయినట్టు. కరకరలాడాల్సింది చర్మమే కదా! అది తీసేస్తే మిగిలేది ఎముక చుట్టూ పలుచని మాంసం. వేడిగాలికి అది ఎండి పీచుగా మారుతుంది. కాబట్టి ఈకలు శుభ్రంగా తీసి, చర్మం ఉంచి ఇమ్మని ముందే చెప్పాలి. చర్మం కింది కొవ్వు కరిగి ముక్కను అదే వేయిస్తుంది. పైనుంచి నూనె పూయాల్సిన పని లేదు.

రెక్కలో మూడు భాగాలుంటాయి. భుజం వైపున్నది చిన్న లెగ్ పీస్‌లా ఉంటుంది, లోపల ఒకటే ఎముక. మధ్యది బల్లపరుపుగా, రెండు సన్నని ఎముకలతో ఉంటుంది. మూడోది కొస. నా మటుకు మధ్య ముక్కే మేలైనది. మాంసంతో పోలిస్తే దానికి చర్మం ఎక్కువ, మందం సమానంగా ఉండడంతో రెండు వైపులా ఒకేలా వేగుతుంది. కీలు దగ్గర వేలితో తడిమితే మెత్తటి సందు దొరుకుతుంది. కత్తి అక్కడ దింపితే ఎముక నరకాల్సిన అవసరం రాదు. కొసలు పారేయకండి, సూప్‌కు వాటిని మించినవి లేవు.

నాటుకోడి రెక్కలు పనికొస్తాయా? మన ఊళ్లలో నాటుకోడిని మంట మీద కాల్చి, పసుపు రాసి, చర్మంతోనే కొడతారు. ఆ రుచి వేరు. అయితే పుంజు ఎదిగేకొద్దీ దాని కండలను పట్టి ఉంచే కొల్లాజెన్ గట్టిపడుతుంది. అది మెత్తబడాలంటే పులుసులో చాలాసేపు ఉడకాలి, అరగంట వేడిగాలి చాలదు. ఈ వంటకు ఆరేడు వారాల లేత బ్రాయిలరే సరైనది.

ఒక రాత్రి ఫ్రిజ్‌లో

పసుపు, ఉప్పు వేసి చికెన్‌ను రెండు మూడు నీళ్లలో కడగడం మన ఇళ్లలో ఆచారంలాంటిది. కడగడం వల్ల సూక్ష్మజీవులు చావవు, తుంపరలతో సింకు నిండా పరుచుకుంటాయని అమెరికా వ్యవసాయ శాఖ చాలా కాలంగా హెచ్చరిస్తోంది. వాటిని చంపేది వేడి ఒక్కటే. ఎవరు ఎలా చేసుకున్నా, ఆ తర్వాత ముక్కలను పొడిగుడ్డతోనో టిష్యూ పేపర్‌తోనో ఒత్తి తుడవడం తప్పనిసరి. నీళ్లు ఉన్నంతసేపు చర్మం వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగడం జోరందుకునేది 140 డిగ్రీల దగ్గర. ఈ రెంటి మధ్య దూరాన్ని ముందురోజే తగ్గించుకోవచ్చు.

తుడిచిన ముక్కలకు ఉప్పు, బేకింగ్ పౌడర్ పట్టించి, జల్లి మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్ అట్టడుగు అరలో రాత్రంతా ఉంచాలి. అట్టడుగున ఎందుకంటే, పచ్చి చికెన్ నీళ్లు ఒక బొట్టు కూడా కింద ఉన్న వండిన పదార్థాల మీద పడకూడదు. ఫ్రిజ్‌లోని చల్లగాలి చాలా పొడిగా ఉంటుంది. పొద్దున్నకి చర్మం బిగుసుకుని, తాకితే కాగితంలా ఉంటుంది. ఉప్పు మొదట తడిని పైకి లాగుతుంది, తర్వాత ఆ తడిలోనే కరిగి లోపలికి దిగి మాంసానికి రుచి పట్టిస్తుంది. సాయంత్రం వండాలనుకుంటే పొద్దున్నే పెట్టినా మేలే.

చిటికెడు తెల్ల పొడి చేసే పని

బేకింగ్ పౌడర్ కేకులకే అనుకుంటాం. చికెన్ వింగ్స్‌కు దీన్ని వాడడాన్ని అమెరికన్ వంట రచయిత కెంజి లోపెజ్-ఆల్ట్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఇందులో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. బేకింగ్ పౌడర్‌లోని క్షారగుణం చర్మంలోని ప్రోటీన్లను సడలిస్తుంది, అందువల్ల చర్మం తేలిగ్గా పెళుసుబారుతుంది. చర్మపు తడితో కలిసి సన్నని గాలిబుడగలు పుడతాయి, చర్మం గరుకుగా మారి వేడి తగిలే చోటు పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, క్షారగుణం ఉన్నచోట మాంసం త్వరగా ఎర్రబడుతుంది. ప్రోటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి ఎరుపునూ కమ్మని వాసననూ పుట్టించే ఈ చర్యను 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించాడు. ఆయన పేరే దానికి స్థిరపడింది.

కిలో రెక్కలకు రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, దాదాపు అంతే ఉప్పు చాలు. అంతకు మించితే నాలుకకు తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటుకు చాలా అవకాశం ఉంది. మన వంటింట్లో బజ్జీలకు వేసేది వంట సోడా. బేకింగ్ పౌడర్‌లో ఆ సోడాతోపాటు దాన్ని సరిచేసే పులుపు పొడి, కాస్త పిండి కూడా కలిసి ఉంటాయి. దాని బదులు వంట సోడా అదే కొలతలో వేస్తే క్షారం విపరీతమై ముక్క చేదుగా, సబ్బు రుచిగా తయారవుతుంది. పైగా పసుపు కూడా పట్టించి ఉంటే ముక్కల మీద ఎర్రటి మచ్చలు తేలతాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది ఈ గుణం వల్లే.

క్షారం వేగాన్ని పెంచితే పులుపు దాన్ని తగ్గిస్తుంది. పెరుగు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి ముద్దతో నానబెట్టిన తందూరీ తరహా ముక్క ఎంత రుచిగా ఉన్నా దాని చర్మం కరకరలాడనిది అందుకే. తడి, పులుపు రెండూ అక్కడే ఉన్నాయి. కరకర కావాలంటే ముందు మిరియాల పొడి, వేయించిన ధనియాల పొడిలాంటి పొడి దినుసులే పట్టించి, నిమ్మరసం వడ్డించేటప్పుడు పిండుకోవాలి. కారం మాత్రం మొదటే వేయకండి. 200 డిగ్రీల గాలిలో ఇరవై నిమిషాలుంటే నల్లబడి చేదెక్కుతుంది. చివరి మూడు నాలుగు నిమిషాలప్పుడు చల్లితే రంగూ ఘాటూ రెండూ నిలుస్తాయి.

బుట్టలో

ముందు 180 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు. ఈ దశలో కొవ్వు కరుగుతుంది, మిగిలిన తడి పోతుంది. తర్వాత ముక్కలు తిప్పి 200 డిగ్రీల దగ్గర ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఎర్రబడేదంతా ఇప్పుడే. ముక్కలు ఒకే వరుసలో, సందులతో ఉండాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్యలో ఆవిరి చిక్కుకుని అవి వేగడం మాని ఉడుకుతాయి. కిలో ఉంటే రెండు విడతలుగా చేసుకోవడమే న్యాయం.

లోపలి వేడి 74 డిగ్రీలకు చేరితే చికెన్ తినడానికి సురక్షితం. రెక్కను అక్కడే ఆపేస్తే కీళ్ల దగ్గర సాగుతుంది. 85, 90 డిగ్రీల దాకా పోనిస్తే కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, మాంసం ఎముక నుంచి తేలిగ్గా ఊడివస్తుంది. బ్రెస్ట్ ముక్క ఆ వేడికి పిండిలా పొడిబారుతుంది, రెక్క మాత్రం ఇంకా రుచెక్కుతుంది.

పొగ వస్తే కంగారు పడక్కర్లేదు, కారిన కొవ్వు అడుగున కాలుతోందని అర్థం. బుట్ట కింది ట్రేలో రెండు మూడు చెంచాల నీళ్లు పోస్తే తగ్గుతుంది. బుట్టలో బేకింగ్ పేపర్ వేసి ఖాళీగా వేడిచేయడం మాత్రం ప్రమాదం. గాలికి కాగితం లేచి కాయిల్‌కు అంటుకుని కాలుతుంది. కరెంటు ఖర్చా? 1,400 వాట్ల యంత్రం పాతిక నిమిషాలు ఆగకుండా నడిచినా అయ్యేది దాదాపు 0.6 యూనిట్. మధ్యమధ్య కాయిల్ ఆగుతుంటుంది కాబట్టి నిజంగా కాలేది ఇంకా తక్కువే.

వెన్నకు బదులు నెయ్యి

బఫెలో సాస్‌కు మూలం వెన్న. వెన్నలో నూటికి పదహారు పాళ్ల దాకా నీళ్లుంటాయి. ఇంత కష్టపడి చర్మంలోంచి పంపేసిన నీళ్లను సాస్ రూపంలో మళ్లీ తెచ్చి పోసినట్టవుతుంది. మన నెయ్యిలో నీళ్లు దాదాపు ఉండవు. రెండు పెద్ద చెంచాల నెయ్యి కాచి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి, దించాక గుంటూరు కారం కలిపి, వేడివేడి రెక్కల మీద పోసి గిన్నెలో ఎగరేస్తే చర్మం చాలాసేపు మెత్తబడదు. ఇది అమెరికా పద్ధతికి తక్కువదేమీ కాదని నా గట్టి నమ్మకం. కరివేపాకును ఎయిర్ ఫ్రైయర్‌లో మాత్రం వేయకండి. తేలికైన ఆకు గాలికి ఎగిరి కాయిల్ దగ్గరికి పోతుంది.

తేనె, టమాటా సాస్ లాంటి తీపి పూతలు ఇష్టమైతే అవి కూడా వేగిన తర్వాతే. ముందు పూస్తే చర్మం ఎర్రబడకముందే చక్కెర మాడిపోతుంది.

వేగిన రెక్కలను హాట్‌ప్యాక్‌లో పెట్టి మూతేయడం మనకు అలవాటు. లోపల పట్టిన ఆవిరి పది నిమిషాల్లో అంతా మెత్తబరుస్తుంది. జల్లి మీద మూత లేకుండా పెట్టండి, వేడి కాస్త తగ్గినా కరకర నిలుస్తుంది. మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు 180 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు వేడిచేస్తే చర్మం మళ్లీ పెళుసెక్కుతుంది. సాస్ పట్టించిన ముక్కలకు ఆ అవకాశం ఉండదు. మిగులుతాయనుకున్న వాటిని సాస్ కలపకముందే పక్కకు తీసిపెట్టండి.