ఓపిక విలువ మూడు స్టాపులు

మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. పున్నమి వెన్నెల పావు లక్స్ ఉంటే గొప్పే. భద్రాచలంలో రాములవారి కల్యాణం పట్టపగలే కాబట్టి కెమెరాకు వెలుగు కరువుండదు. అసలు పరీక్ష ముక్కోటికి, అడవి అంచు కోయగూడేల్లో నెగడు వెలుగున సాగే కొమ్ము నృత్యానికి.

ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్/16, సెకనులో 125వ వంతు షట్టర్ చాలు. నెగడు వెలుగు అందులో దాదాపు వెయ్యో వంతు. వెలుగు సగానికి పడితే ఒక స్టాప్ తగ్గినట్టు. ఇక్కడ తగ్గింది 10. లెన్స్‌ను ఎఫ్/2.8కి తెరిస్తే 5, ఐఎస్‌ఓను 3200కి పెంచితే ఇంకో 5 తిరిగొస్తాయి. మంట ఎగసినంతసేపే ఈ సుఖం. అది కుంగి మరో 3 స్టాపులు పోయాయంటే షట్టర్ 15వ వంతుకు దిగాలి. సెకనుకు మీటరు చొప్పున కదిలే తల ఆలోగా 6.7 సెంటీమీటర్లు జరుగుతుంది. ముఖం అలుక్కుపోతుంది. స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపగలదే కానీ ఆడే మనిషిని ఆపలేదు.

కానీ ఆ మనిషే ఆగుతాడు. మెడలో డోలు, నెత్తిన కొమ్ములతో ఒక పక్కకు ఊగినవాడు వెనక్కి మళ్లే ముందు తల లిప్తపాటు నిలుస్తుంది. అక్కడ వేగం ఎనిమిదో వంతుకు పడితే కదలిక 8 మిల్లీమీటర్లే. 125వ వంతు షట్టర్‌తో తీసినట్టే, అంటే పోయిన 3 స్టాపులూ దక్కినట్టే! ఖరీదైన ఎఫ్/1.4 లెన్స్ కొన్నా అదనంగా వచ్చేవి 2. ఆ మలుపు ఎప్పుడొస్తుందో డోలు దెబ్బే చెబుతుంది. నాలుగు చుట్లు ఊరికే వినాలి, తర్వాతే వేలు బటన్ మీదికి పోవాలి.

గోదావరి ఒడ్డు కొండరెడ్లను ఫొటోలు తీసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌కు 3200 ఐఎస్‌ఓ లేదు. వాళ్ల మధ్యే మకాం వేశారు. ఆయన పుస్తకం ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది.

ఫ్లాష్ కొడితే వెలుగొస్తుంది, నిజమే. మరుక్షణం అందరి చూపూ మనవైపే; ఇక సహజమైన ఫొటో ఎక్కడిది? గూడెంలో ముందే అడిగి, ఒప్పుకుంటేనే కెమెరా తీయండి. ముక్కోటి ముందురోజు తెప్పోత్సవానికి ఘాట్ మీద నిలబడేవారూ ఫ్లాష్ ఆపేయండి. దాని వెలుగు కొద్ది మీటర్లకే పరిమితం, నదిలోని హంసవాహనాన్ని అందుకోదు.