ఖజానా తలుపు ఎవరి పిలుపుకు తెరుచుకుంటుంది?

నిజామాబాద్ నుండి బోధన్ వెళ్లినప్పుడల్లా శక్కర్‌నగర్ దాటే వేళ మా మనసు బరువెక్కుతుంది. 1930లలో నిజాం ప్రభుత్వ కాలంలో నెలకొన్న ఆ చక్కెర ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు రైతులు దిక్కుతోచక నిలిచారు. కార్మికుల కుటుంబాలు రావలసిన జీతాల కోసం ఎదురుచూశాయి.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఆ ప్రాంతపు విద్యార్థి ఒకడు మమ్మల్ని అడిగాడు: "మౌలానా సాబ్, ఫ్యాక్టరీకి లేని డబ్బు బాంబులకు ఎక్కడి నుండి వస్తుంది?" ఫ్యాక్టరీ రాష్ట్రం పరిధిలోనిది, అణ్వస్త్రాలు కేంద్రం పరిధిలోనివి, రెండూ ఒకే పద్దు కావని వివరించాము. అయినా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ప్రజాధనం ఎటు పోవాలో నిర్ణయించేది ప్రజల అవసరమా, పలుకుబడి గలవారి మాటా?

అణ్వస్త్రాల నిర్మూలనకు కృషిచేసి 2017లో నోబెల్ శాంతి బహుమతి పొందిన 'ఐకాన్' సంస్థ అంచనా ప్రకారం, 2023లో తొమ్మిది దేశాలు ఈ ఆయుధాలపై 9,140 కోట్ల డాలర్లు, అనగా ఏడున్నర లక్షల కోట్ల రూపాయలకు పైగా వెచ్చించాయి. వాటి తయారీలో భాగమున్న కంపెనీలు అదే ఏడాది అమెరికా, ఫ్రాన్స్ ప్రభుత్వాల వద్ద తమ మాట నెగ్గించుకునే లాబీయింగ్ కోసం 11.8 కోట్ల డాలర్లు ఖర్చుచేశాయి.

ఒక్క ఉదాహరణ చూద్దాం. అమెరికా తలపెట్టిన 'సెంటినెల్' అణు క్షిపణి పోటీ నుండి బోయింగ్ తప్పుకోగా, ఏకైక పోటీదారుగా మిగిలిన నార్త్‌రాప్ గ్రమ్మన్‌కు 2020లో కాంట్రాక్టు దక్కింది. సుమారు 7,800 కోట్ల డాలర్లన్న వ్యయం 2024 జూలై నాటికి 14,100 కోట్లకు, అంటే 81 శాతం పెరిగింది. చట్టప్రకారం సమీక్ష జరిగింది. అయినా పథకం ఆగలేదు. స్వయంగా సైన్యాధిపతిగా పనిచేసిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1961 జనవరిలో పదవి వీడుతూ, సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసి సంపాదించుకునే పలుకుబడి గురించి హెచ్చరించాడు. ఆ హెచ్చరికకు కాలదోషం పట్టలేదు.

మన సంగతి ఏమిటి? అగ్ని క్షిపణులకు రూపకల్పన జరిగేది మన హైదరాబాదులోనే. ఎం.టి.ఏ.ఆర్. టెక్నాలజీస్ వంటి ప్రైవేటు పరిశ్రమలు వాటికి విడిభాగాలు అందించాయి. వాటిలో మన పిల్లలు కూడా ఉపాధి పొందుతున్నారు. ఆ సంస్థలు తప్పుచేశాయని మేము అనడం లేదు. దేశరక్షణ అవసరాన్నీ కాదనము. మేము కోరేది లెక్క. అణ్వస్త్రాల ఖర్చు బడ్జెట్‌లో విడిగా కనిపించదు. అమెరికాలో లాబీయింగ్ ఖర్చును చట్టప్రకారం వెల్లడించాలి. మన దేశంలో అటువంటి చట్టమే లేదు. పార్టీలకు కంపెనీలిచ్చే విరాళాలపై ఉన్న పరిమితిని 2017లో తొలగించారు. ఎన్నికల బాండ్లతో దాతల పేర్లూ మరుగునపడ్డాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ రెండింటినీ కొట్టివేసింది. తెర ఉన్నంతకాలం ఎవరి మాటపై ఏ ఖర్చు జరిగిందో పౌరునికి తెలిసే మార్గం లేదు.

ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) సొంత మాటలు మొదలుకాగానే బైతుల్‌మాల్ నూనెతో వెలిగే దీపాన్ని ఆర్పించేవారని పెద్దలు చెబుతారు. చిటికెడు నూనెకే అంత జవాబుదారీ అయితే, లక్షల కోట్లకు ఎంత ఉండాలి?

ఖజానా పాలకుల సొత్తు కాదు, ప్రజల అమానతు. ఓటు కోసం గడప తొక్కేవారిని మర్యాదగానే అడుగుదాం: మీ పార్టీకి ఎవరిచ్చారు, మా పన్ను ఎవరికి వెళ్లింది? కంపెనీ మాట వినడానికి ఢిల్లీలో చెవులున్నాయి. బోధన్ రైతు మాట కూడా అక్కడికి చేరాలంటే మనం నోరు విప్పక తప్పదు.