ఖాళీని లెక్కగట్టే యంత్రం

1982లో కెవిన్ టామ్స్ అనే ఇంగ్లండ్ ప్రోగ్రామర్ బేసిక్ భాషలో రాసి అమ్మిన ‘ఫుట్‌బాల్ మేనేజర్’ గేమ్‌లో మైదానం లేదు. జట్టుకు ఐదు అంకెలుండేవి: శక్తి, మనోబలం, డిఫెన్స్, మిడ్‌ఫీల్డ్, అటాక్. మ్యాచ్‌కు ముందు మీ ఐదూ, అవతలివాళ్ల ఐదూ తెరమీద పక్కపక్కన కనిపించేవి. ఆ తేడాలకు కాస్త అదృష్టం తోడైతే ఫలితం. స్పెక్ట్రమ్ కంప్యూటర్ మీద పుల్లబొమ్మలు గోల్ వైపు పరిగెత్తుతుంటే ఆడేవాళ్లు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. కానీ ఫలానావాడు ఫలానాచోట నిలబడాలని చెప్పే దారి మాత్రం వాళ్లకు లేదు.

గార్డియోలా శిక్షణలోని బార్సిలోనా దాడిని ఆ గేమ్‌లో ఆడించాలంటే చేయగలిగింది ఒక్కటే, అటాక్ అంకె పెంచడం. ఆ జట్టు దాడి రహస్యం అంకెలో లేదు, ఒక మనిషి ఉండాల్సిన చోట లేకపోవడంలో ఉంది. లేకపోవడాన్ని లెక్కగట్టాలంటే యంత్రానికి ముందు చోటు అంటే ఏమిటో తెలియాలి. ఆ తెలివి అబ్బడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ రహస్యం బాగా బయటపడిన రోజు 2009 మే 2. వేదిక మాడ్రిడ్‌లోని బెర్నబావ్ స్టేడియం, ఎదుట రియల్ మాడ్రిడ్. పాత మ్యాచ్‌ల వీడియోలు చూస్తూ గార్డియోలా ఒక సంగతి పట్టుకున్నాడు. రియల్ మిడ్‌ఫీల్డర్లు బంతి కోసం ముందుకు ఉరుకుతున్నారు. వెనక సెంటర్ బ్యాక్‌లు కన్నవారో, మెట్సెల్డర్ మాత్రం తమ గోల్‌కీపర్‌కు దగ్గర్లోనే ఉండిపోతున్నారు. ఈ రెండు వరుసల నడుమ బోలెడంత నేల ఎవరిదీ కాకుండా పడివుంది. కుడి అంచున ఆడే మెస్సీని మధ్యకు తెచ్చాడు, సెంటర్ ఫార్వర్డ్ ఎటూను కుడికి పంపాడు. మెస్సీ ముందు వరుసలో ఉన్నట్టే ఉండి ఆ ఖాళీలోకి దిగిపోయేవాడు. ఇక కన్నవారోకు మిగిలినవి రెండు దారులు. మెస్సీ వెంట ముందుకొస్తే వెనక తెరుచుకున్న చోటులోకి ఆన్రీ, ఎటూ దూసుకొస్తారు. కదలకుండా ఉంటే మెస్సీకి బంతి అందుకుని తిరిగి గోల్ వైపు చూసే తీరిక దొరుకుతుంది, మిడ్‌ఫీల్డ్‌లో బార్సిలోనాకు ఒక మనిషి ఎక్కువవుతాడు. రెంటిలో ఏది ఎంచుకున్నా నష్టమే. స్కోరు 6-2. మెస్సీవి రెండు, ఆన్రీవి రెండు. ఇంకో రెండు గోల్స్ డిఫెండర్లు పుయోల్, పీకే కొట్టారు. ఇలా ముందు నిలబడకుండా దిగిపోయే సెంటర్ ఫార్వర్డ్‌ను ఫాల్స్ నైన్ అంటారు.

గార్డియోలా దీన్ని కొత్తగా కనిపెట్టలేదు. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ ఇంగ్లండ్‌ను 6-3తో చితక్కొట్టినప్పుడు తొమ్మిదో నంబరు చొక్కా వేసుకున్న హిదెగ్కుటి ఇలాగే వెనక్కి దిగి ఆడుతూ మూడు గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్ అతని వెంట పోవాలో, ఉన్నచోటే ఉండాలో తేల్చుకోలేకపోయాడు. ఆ హంగరీ ఆటను శ్రద్ధగా గమనించినవాళ్లలో మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఒకరు. ఆయన చేతిలోని భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లింది. రహీమ్ సాబ్ జట్టును ఎవరైనా కంప్యూటర్‌లో మళ్లీ నిలబెడితే చూడాలని ఉంది. అయితే ఆటగాళ్లకు ఇవ్వాల్సిన అంకెలకు ఆధారంగా చూద్దామంటే వీడియోలు ఎక్కడివి?

ఇక యంత్రం సంగతి. నేటి ఫుట్‌బాల్ మేనేజర్‌కు టామ్స్ గేమ్ నుంచి వచ్చింది పేరొక్కటే. దాని అసలు వంశం ష్రాప్‌షైర్‌లో పాల్, ఆలివర్ కాలియర్ అనే అన్నదమ్ములు ఇంట్లో కూర్చుని రాసుకున్న ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’. 1992లో అమిగా, అటారీ ఎస్‌టీ కంప్యూటర్లకు వచ్చింది. అందులో మ్యాచ్ అంటే ఒకదాని తర్వాత ఒకటి మెరిసే వ్యాఖ్యానం వాక్యాలు, అంతే. తర్వాతి గేమ్‌లలో మైదానాన్ని గళ్లుగా విడగొట్టి, బంతి ఏ గడిలో ఉంటే ఎవరు ఎక్కడ నిలవాలో పులిజూదం గీతల మీద రాళ్లు పేర్చినట్టు పేర్చుకునే వీలిచ్చారు. బంతి మన దగ్గరున్నప్పుడు ఒక అమరిక, లేనప్పుడు మరొకటి. ఇది మంచి ఆలోచన. తర్వాత దీన్ని తీసేశారు, దాని సంగతి చివర్లో.

2003లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ 4తో అసలు మార్పు వచ్చింది. పైనుంచి చూస్తున్నట్టు పచ్చటి మైదానం, దాని మీద ఇరవై రెండు చుక్కలు, ఒక బంతి. చూడ్డానికి 1982 నాటి పుల్లబొమ్మలకంటే కూడా బీదగా ఉండేది. కానీ ఆ చుక్కలు ఆడేవాడికి రెండు వరుసల మధ్య దూరాన్ని కళ్లకు కట్టాయి. అదే ఏడాది కాలియర్ల సంస్థ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, ప్రచురణ సంస్థ ఐడోస్ విడిపోయాయి. పేరు ఐడోస్‌కు పోయింది, ప్రోగ్రామ్, ఆటగాళ్ల వివరాలు అన్నదమ్ముల దగ్గర మిగిలాయి. 2004 చివర్లో సెగా సంస్థతో కలిసి వాళ్లు వదిలిన గేమ్‌కు ఫుట్‌బాల్ మేనేజర్ అని పేరు పెట్టారు. ఐదేళ్లలోపే చుక్కలకు తోడుగా 3డి బొమ్మలొచ్చాయి.

తెర వెనక పనిచేసే మ్యాచ్ ఇంజిన్ స్థూలంగా ఇలా ఉంటుంది. ఆట సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కలోనూ బంతి ఉన్నవాడి ముందు దారులు తెరుస్తుంది: పక్కవాడికి పాస్, దూరంగా పాస్, బంతితో పరుగు, షాట్. ఒక్కోదానికి ఒక్కో బరువు. ఆ బరువు తేలడానికి ఆటగాడి నైపుణ్యాలకు 1 నుంచి 20 దాకా ఇచ్చిన అంకెలు, మీరిచ్చిన ఆదేశాలు, ఎదుటివాడు ఎంత దగ్గర్లో ఉన్నాడన్నది అన్నీ కలుస్తాయి. పైన కాస్త యాదృచ్ఛికత. బంతి లేనివాళ్లు కూడా ఎటు కదలాలో ఇలాగే తేల్చుకుంటారు. అంటే మీ మాట ఇక్కడ శాసనం కాదు, త్రాసులో ఒకవైపు వేసిన కాస్త బరువు మాత్రమే.

ఇలాంటి యంత్రానికి గుడ్డిచోట్లు తప్పవు. 2డి తొలి రోజుల్లో డయాబ్లో అన్న పేరుతో ఒక వ్యూహం చేతులు మారింది. మిడ్‌ఫీల్డ్ నుంచి ఒకడు బాణంలా నేరుగా ముందుకు పరిగెత్తేవాడు, డిఫెండర్ల లెక్కలో వాడు ఎవరి వంతుకూ రాడు, కాబట్టి గోల్స్ గుట్టలుగా పడేవి. ఆలోచిస్తే హిదెగ్కుటి చేసిందీ ఇలాంటి పనే, ఎవరి వంతుకూ రాకపోవడం. కాకపోతే జాన్‌స్టన్ అనుమానించాడు, అటూ ఇటూ చూశాడు, తడబడ్డాడు. యంత్రంలోని డిఫెండర్‌కు అనుమానమే లేదు. వాడికి కనిపించనే లేదు. అందుకే డయాబ్లో ఎన్ని కప్పులు తెచ్చినా అది ఫుట్‌బాల్ కాదంటాను.

చాలాకాలం ఆదేశాలివ్వడానికి స్లైడర్లు ఉండేవి, ఒక్కోదానికి ఇరవై మెట్లు. పద్నాలుగో మెట్టుకూ పదిహేనో మెట్టుకూ తేడా ఏమిటో చెప్పగలవాణ్ని నేను చూడలేదు. ఫుట్‌బాల్ మేనేజర్ 2014తో అవి పోయి, ప్రతి ఆటగాడికీ ఒక పాత్ర, ఆ పాత్రకు డిఫెండ్, సపోర్ట్, అటాక్ అనే డ్యూటీ మిగిలాయి. బార్సిలోనాను నిలబెట్టాలనుకునేవాళ్లకు దీంతో పని సులువైంది, దాంతోపాటే మోసపోవడమూ సులువైంది.

అమరిక 4-3-3. మెస్సీకి ఫాల్స్ నైన్ పాత్ర. వెనక బుస్కెట్స్ హాఫ్ బ్యాక్, అంటే ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల నడుమకు దిగేవాడు. అతను దిగడం వల్లే కుడివైపు డానీ ఆల్వెస్ దాదాపు వింగర్‌లా పైకి పోగలుగుతాడు. ఎడమవైపు అబిదాల్‌ను కాస్త అణిచి ఉంచాలి, లేకపోతే బంతి పోయిన మరుక్షణం వెనక ముగ్గురే మిగులుతారు. షావీకి ఆట నడిపే పాత్ర, ఇనియెస్తాకు ముందుకు కదిలే స్వేచ్ఛ. జట్టంతటికీ చిన్న పాస్‌లు, పైకి జరిగిన డిఫెన్స్ లైన్, బంతి పోగానే మీదపడి లాక్కోవడం. ఇక్కడిదాకా ఎవరైనా పెడతారు.

తప్పు జరిగేది వింగర్ల దగ్గర. బార్సిలోనా అంటే పాస్‌లే కదా అని, ఆన్రీ, ఎటూల తర్వాతి వింగర్లు పెద్రోను, వియ్యాను కూడా సపోర్ట్ డ్యూటీలో పెడితే వాళ్లూ బంతి దగ్గరికే వస్తారు. అప్పుడు తెరమీద కనిపించే దృశ్యం విచిత్రంగా ఉంటుంది. బాక్సు ముందు ఆరుగురు మన చొక్కాలే, త్రికోణాలు త్రికోణాలుగా బంతి తిరుగుతూనే ఉంటుంది. అవతలి సెంటర్ బ్యాక్‌లు చేతులు కట్టుకున్నట్టు నిలబడివుంటారు. మెస్సీ కిందికి దిగాడు సరే, ఆ వెనక చోటులోకి దూకేవాడే లేనప్పుడు వాళ్లకు భయం దేనికి? మ్యాచ్ అయ్యాక చూస్తే బంతి డెబ్బై శాతం మన దగ్గరే, షాట్లన్నీ ముప్ఫై గజాల అవతలినుంచే. ఇద్దరు వింగర్లకూ అటాక్ డ్యూటీ ఇచ్చి అంచులకు వెడల్పుగా నిలబెట్టి చూడండి. మెస్సీ దిగిన క్షణంలో వియ్యా లోపలికి కోసుకుంటూ వస్తాడు, సెంటర్ బ్యాక్ ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ రెండడుగుల కోసమే ఇంత తతంగం.

మరి బాగా కుదిరిందని తెలిసేదెలా? అన్నీ గెలిస్తే కుదిరినట్టు కాదని నా వాదన. 2010 ఏప్రిల్ 28న అసలు బార్సిలోనా తన సొంత కాంప్ నౌలో మొరిన్యో శిక్షణలోని ఇంటర్ మిలాన్‌తో ఆడింది. ఇరవై ఎనిమిదో నిమిషంలోనే తియాగో మొట్టా రెడ్ కార్డుతో బయటికి పోయాడు, ఇంటర్‌కు పదిమందే. నాలుగింట మూడు వంతులకు పైగా బంతి బార్సిలోనా దగ్గరే. ఇంటర్ తమ రెండు వరుసలనూ బాక్సు ముందుకు లాగి, మధ్యలో మెస్సీ దిగడానికి నేలే లేకుండా చేసింది. 84వ నిమిషంలో డిఫెండర్ పీకే కొట్టిన ఒక్క గోల్ తప్ప ఏమీ రాలేదు, రెండు మ్యాచ్‌ల మొత్తం మీద 3-2తో ఇంటర్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు వెళ్లింది. గేమ్‌లోని మీ బార్సిలోనా కూడా ఇలా కిక్కిరిసిన జట్టు ముందు ఇలాగే గిలగిల్లాడితే మీ పని నిజాయితీగా జరిగినట్టు. అక్కడా ఐదేసి గోల్స్ కొడుతోందంటే మీకు దొరికింది గార్డియోలా కాదు, ఇంకో డయాబ్లో.

నిజమేమో యంత్రంకంటే ఒక్కోసారి తలతిక్కగా ఉంటుంది. 2012 క్యాలెండర్ సంవత్సరంలో మెస్సీ 91 గోల్స్ కొట్టాడు. అదే ఏ గేమ్‌లోనో జరిగుంటే ప్రోగ్రామ్‌లో తప్పుందని రాసేవాళ్లు.

2025లో రావాల్సిన గేమ్‌ను ఫిబ్రవరిలో రద్దు చేసుకున్న స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, నవంబర్‌లో ఫుట్‌బాల్ మేనేజర్ 26ను యూనిటీ అనే గేమ్ ఇంజిన్ మీద కట్టి విడుదల చేసింది. అందులో బంతి ఉన్నప్పటి అమరిక వేరు, లేనప్పటిది వేరు. రెండు దశాబ్దాల కిందట కాలియర్లు గళ్ల మీద పేర్పించిన ఆలోచనే మరో రూపంలో తిరిగొచ్చింది. బార్సిలోనాకు ఇది సరిగ్గా సరిపోతుంది. బంతి లేనప్పుడు మెస్సీని ముందు ఒంటరిగా నిలబెట్టి, బంతి దొరకగానే షావీ పక్కకు దింపమని నేరుగా చెప్పొచ్చు. అయితే పాత డ్యూటీలు తీసేశారు. కాబట్టి వియ్యా ఎప్పుడు లోపలికి రావాలో, అబిదాల్‌ను ఎంత అణచాలో ఏళ్ల తరబడి కుదిర్చి పెట్టుకున్న అమరికలు ఏవీ ఇప్పుడు పనికిరావు.