ఇడుపు కాయితంతో తెగనివి

కరీంనగర్ పల్లెల్లో ఆలుమగలకు పొసగకపోతే కోర్టు కంటే ముందు గుర్తొచ్చేది పెద్దమనుషుల పంచాయితీ. పెట్టిపోతల లెక్క తేలుస్తారు, స్టాంపు కాగితం మీద ఇడుపు కాయితం రాయించి సాక్షుల సంతకాలు పెట్టిస్తారు. ఇద్దరూ విడిపోయామనే అనుకుంటారు. మగమనిషి మరో పెళ్లి చేసుకుంటాడు. అసలు చిక్కు ఏళ్ల తర్వాత, అతను చనిపోయాక బయటపడుతుంది.

1955 హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి రద్దు కావాలంటే కోర్టు డిక్రీ ఉండాలి. కులాచారంగా విడాకులున్నవాళ్లకు 29వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ ఆచారం తరతరాలుగా ఉందని నిరూపించే భారం దాన్ని చెప్పుకునేవాళ్లదే. నిరూపించలేకపోతే కాయితం చెల్లదు, మొదటి ఆమే భార్య. భర్త వీలునామా రాయకుండా పోతే వారసురాలూ ఆమే. ఇన్నేళ్లు కాపురం చేసిన రెండో ఆమెకు భార్యగా ఏ వాటా రాదు. ఆమె పిల్లలకు మాత్రం తండ్రి వాటాలో హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో రేవణసిద్దప్ప కేసులో తేల్చింది. ఇష్టపడి విడిపోయేవాళ్లు ఏడాది విడిగా ఉన్నాక 13బి సెక్షన్ కింద కోర్టుకు పోవచ్చు. ఆపై ఆగాల్సిన ఆరు నెలల గడువును కూడా తగిన కేసుల్లో ఎత్తేయవచ్చని 2017లోనే తీర్పు వచ్చింది. ఈపాటి ఓపిక పట్టకుండా ఇద్దరు ఆడవాళ్ల బతుకులను చిక్కుల్లో పడేసే కాయితం రాయించడం పెద్దరికం కాదు.

డిక్రీ వచ్చినా తెగేది ఆలుమగల బంధం ఒక్కటే. మాజీ భార్యకు వారసత్వం పోతుంది, పిల్లలకు పోదు. ఈ లెక్కల్లో అందరూ మరిచేది తల్లిని. గల్ఫ్‌కు పోయిన కొడుకు అక్కడే కన్నుమూస్తే ఊళ్లో తగాదా కోడలికీ మరుదులకూ మధ్య నడుస్తుంది, ముసలితల్లి ఓ మూల కూర్చుంటుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో ఆమె మొదటి తరగతి వారసురాలు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉంటే కొడుకు ఆస్తి నాలుగు సమాన భాగాలవుతుంది. వీళ్లుండగా తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ ఏమీ రాదు.

మొగుణ్ని వదిలి పుట్టింటికి వచ్చిన బిడ్డకు వాటా లేదనడానికి ఇక్కడ ఒక పాత తేదీని అడ్డం పెడతారు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. దేశంలో అది పెద్ద అడుగే, కానీ 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్లయినవాళ్లను అది వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణతో ఆ గీత చెరిగిపోయింది. తండ్రి ఆ రోజుకు బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. హక్కుతో పాటు బాధ్యతా ఉంది. పెళ్లయిన కూతురు కూడా తల్లిదండ్రులను పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 1987లో చెప్పింది. ఇక విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సాధారణ చట్టం కిందనే మనోవర్తి అడగవచ్చని 2024 జులై 10న తీర్పు వచ్చింది. అది తెలంగాణ నుంచి వెళ్లిన కేసే.

ఆదిలాబాద్ అడవుల్లోకి పోతే ఈ లెక్కంతా మారుతుంది. హిందూ వివాహ చట్టం, వారసత్వ చట్టం రెండూ కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించవు. కరీంనగర్‌లో చెల్లని పంచాయితీ విడాకులు ఉట్నూరు గోండు గూడెంలో ఆచారం ప్రకారం చెల్లవచ్చు. అక్కడ తగాదాలు తీర్చే గోండు సంప్రదాయ పంచాయితీలైన రాయి సెంటర్ల మాటకు బరువుంది. కానీ అదే మినహాయింపు వల్ల ఆదివాసీ ఆడబిడ్డకు 2005 సవరణ అందదు. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఓ గోండు కుటుంబం కేసులో 2025 జులై 17న సుప్రీంకోర్టు, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయనప్పుడు వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది. అదే ఏడాది అక్టోబరులో హిమాచల్ కేసులో మాత్రం వారసత్వ చట్టం తెగలకు వర్తించదని మళ్లీ గుర్తుచేసింది. ఆదివాసీ బిడ్డ ఒక్కో కేసూ గెలుచుకుంటూ పోవాల్సి రావడం అన్యాయం. ఆచారాన్ని కాపాడుకుంటూనే బిడ్డకు వాటా ఇవ్వాలన్న మాట ముందు రాయి సెంటర్ల నుంచే రావాలని నా కోరిక.

ఏ జిల్లా అయినా, ఏ కులమైనా, ఏ మతమైనా వర్తించే చట్టం ఒకటుంది: 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ఇస్తే నెలకు రూ.10,000 వరకు ఇప్పించవచ్చు. లాయరు అక్కర్లేదు. లేవలేని స్థితిలో ఉంటే తమ తరఫున మరొకరిని పంపవచ్చు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తికి వారసులయ్యే బంధువును అడగవచ్చు. అరవై దాటినవాళ్లు పిల్లలకు ఆస్తి రాసిచ్చాక వాళ్లు చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ గిఫ్టు డీడునే రద్దు చేయించవచ్చు. అయితే చూసుకోవాలన్న షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు తేలాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు పట్టుబట్టింది. ఉర్మిలా దీక్షిత్ కేసులో 2025 జనవరి 2న కాస్త ఉదారంగా చూసి, తల్లికి ఆస్తిని తిరిగి ఇప్పించింది. అక్కడ కూడా కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రం ఉంది.

పొలమైతే తహసీల్దారు ముందు, ఇల్లయితే సబ్‌రిజిస్ట్రారు ముందు వేలిముద్ర వేసే ముందు ఒక్క మాట అడగండి: మా తిండి, మందులు, మేం ఉండే గది ఈ పత్రంలో రాశారా అని. రాయకపోతే సంతకం పెట్టకండి.