కాస్త అటు జరిపి చూడండి!

మేడమీద అన్నయ్య యాంటెన్నా తిప్పుతుంటే, గుమ్మంలో నిలబడి "వచ్చింది... వచ్చింది... అయ్యో, పోయింది! కొంచెం వెనక్కి అన్నయ్యా!" అని మీరూ కేకలు పెట్టే ఉంటారు. సరిగ్గా శుక్రవారం పాటల టైముకే కాకి వచ్చి దానిమీద వాలేది కదండీ! మన దేశంలో ఆ ముచ్చట తీరిపోయింది. దూరదర్శన్ వారు 2022 నాటికి ఆ పాత ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నిటినీ ఆపేశారు.

అమెరికాలో మాత్రం యాంటెన్నాకి ఇంకా కాలం చెల్లలేదు. మీ అమ్మాయో, కోడలో అక్కడుంటే, లేదా నాలాగా మీరే అక్కడ కాపురం చేస్తుంటే ఈ సంగతి తెలిసుండటం మంచిది. నాకూ తెలీదు, ఆ రాత్రి దాకా!

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ప్లేనోలో. వసంతం వచ్చిందంటే ఇక్కడ టోర్నడోల భయం. అసలు వసంతమే రానక్కర్లేదు. 2019 అక్టోబరు 20, ఆదివారం రాత్రి ఉత్తర డాలస్ మీదుగా వెళ్ళిన టోర్నడో ఎన్ని ఇళ్ళ కప్పులు లేపేసిందో, స్కూళ్ళను ఎలా పాడుచేసిందో ఇక్కడివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

ఆ తర్వాత ఒక మే నెలలో మావారు ఊళ్ళో లేరు. ఇంట్లో పిల్లలిద్దరూ, ఇండియా నుంచి వచ్చిన అత్తగారూ, నేనూ. గాలి మొదలవగానే ఇంటర్నెట్ పోయింది. కరెంటు ఉంది, గోడంత టీవీ ఉంది, కానీ మేము చూసేవన్నీ ఇంటర్నెట్ మీదే. ఊరి సైరన్ మోగింది. ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది గానీ, ఆ గాలి ఎటు పోతోందో చూద్దామంటే మ్యాపు తెరుచుకోదు. "ఇంత పెద్ద టీవీ పెట్టుకుని గాలివాన కబురు కూడా తెలీదా అమ్మాయ్?" అన్నారు అత్తగారు. ఏం చెప్పను? బట్టలు పెట్టుకునే గదిలో నలుగురం ముడుచుకుని కూర్చున్నాం. సైరన్ ఆగింది. ఆగిందంటే గండం గడిచినట్టా, కాదా? బయటికి రావచ్చా, రాకూడదా? నా ఒళ్ళో చిన్నది నిద్రపోయింది గానీ నేను కదల్లేదు.

పొద్దున పక్కింటి అమెరికన్ పెద్దావిడ తాపీగా చెప్పింది. "ఏ వీధి దాటిందో కూడా టీవీలో చెబుతూనే ఉన్నారుగా, మీరు చూళ్ళేదా?" ఆవిడ టీవీ మీద రెండు కొమ్ముల యాంటెన్నా. మనింట్లో 1980ల్లో ఉన్నట్టుది!

అప్పుడు మొదలుపెట్టానండీ నా పరిశోధన. ఇక్కడ 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ పాత అనలాగ్ ప్రసారాలు ఆపి డిజిటల్‌కి మారిపోయాయి. ఎ.బి.సి., ఎన్.బి.సి., సి.బి.ఎస్., ఫాక్స్, మా ఊరి కెరా స్టేషన్ నుంచి పి.బి.ఎస్., అన్నీ హైడెఫినిషన్‌లో గాల్లోనే వస్తున్నాయి. నెలనెలా బిల్లు లేదు. ముందే చెబుతున్నా, తెలుగు సీరియల్స్ రావు. ఈ మాట విని మా అత్తగారి ముఖం చిన్నబోయింది. స్పానిష్ చానెళ్ళు మాత్రం కావలసినన్ని!

షాపుకి వెళ్తే డబ్బాల మీద "హెచ్.డి. యాంటెన్నా", "వెయ్యి మైళ్ళు" అని రాసుంటుంది. మోసపోకండి. హెచ్.డి.కి వేరే యాంటెన్నా అంటూ లేదు. పాత కొమ్ములదీ హెచ్.డి.నే పడుతుంది. ఇక వెయ్యి మైళ్ళు ఒట్టిమాట. భూమి గుండ్రం కాబట్టి మంచి యాంటెన్నా ఇంటి కప్పుమీద పెట్టినా అరవై డెబ్బై మైళ్ళు దాటితే కష్టమే. ఇంట్లో పెట్టేదానికి ఇంకా తక్కువ. నేను ఇరవై డాలర్ల పల్చటి అట్టలాంటిది తెచ్చాను.

టీవీ వెనకాల గుండ్రంగా, మరలున్న సాకెట్ ఉంటుంది. దానికి వైరు బిగించాలి. ఇక్కడ 2007 మార్చి తర్వాత తయారైన టీవీల్లో డిజిటల్ ట్యూనర్ ఉండాలని రూలు. టీవీలా కనిపించే కొన్ని మానిటర్లలో ఉండదు, కొనేముందు అడగండి. తర్వాత మెనూలో "కేబుల్" కాకుండా "యాంటెన్నా" ఎంచుకుని చానెల్ స్కాన్ నొక్కాలి. నేను నొక్కాను. మూడంటే మూడు చానెళ్ళు వచ్చాయి! ఇరవై డాలర్లూ నీళ్ళపాలు అనుకున్నాను.

తప్పు యాంటెన్నాది కాదు, నేను పెట్టిన చోటుది. అందం చెడుతుందని టీవీ వెనకాల దాచాను. టీవీలో ఉండేదంతా లోహమూ, కరెంటు రొదానూ. పైగా మా ప్రాంతం స్టేషన్ల టవర్లు చాలావరకు డాలస్‌కి నైరుతిగా సీడార్ హిల్ అనే ఊళ్ళో ఉన్నాయి. ప్లేనోకి ముప్పై మైళ్ళపైనే. ఫ్రిస్కో వాళ్ళకి నలభై, ఇర్వింగ్ వాళ్ళకి పదహారో పదిహేడో. అంటే మాకు సిగ్నల్ దక్షిణం వైపు నుంచి రావాలి. నేనేమో ఉత్తరపు గోడకి పెట్టాను! (మీ టవర్లు ఎటున్నాయో ఎఫ్.సి.సి. వారి మ్యాపులో మీ జిప్ కోడ్ కొడితే తెలుస్తుంది.)

అక్కడినుంచి దాన్ని ఇల్లంతా తిప్పాను. అత్తగారు టీవీ ముందు, నేను యాంటెన్నాతో. "వచ్చింది... పోయింది!" మళ్ళీ అదే పాట! పాత టీవీలో సిగ్నల్ తగ్గితే చీమలు పారినట్టు ఉండేది కానీ బొమ్మ కనిపించేది. డిజిటల్‌లో ఆ మధ్యస్థం లేదు. వస్తే అద్దంలా వస్తుంది, లేకపోతే గళ్ళు గళ్ళుగా విరిగి మాయమవుతుంది. అందుకని జానెడు జరిపి, ఓ నిమిషం ఆగి చూడాలి. కిటికీలు మంచివే గానీ, ఎండ ఆపడానికి అద్దానికి లోహపు పూత ఉంటే అదే సిగ్నల్‌నీ ఆపుతుంది. అటకమీద పెడదామంటే ఇక్కడ చాలా ఇళ్ళలో కప్పు లోపల వెండిరంగు రేకు కొట్టి ఉంటుంది. చివరికి మేడమీద పిల్లల గదిలో, దక్షిణపు గోడకి ఎత్తుగా పెడితే అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ 8వ నంబరు, ఎ.బి.సి. కారణం విచిత్రంగా ఉంది. స్క్రీన్ మీద 4, 5, 11 అని కనిపించేవి నిజానికి యూహెచ్ఎఫ్ అనే పొట్టి తరంగాల మీద వస్తాయి, నంబరు పేరుకే. 8 మాత్రం నిజంగా 8లోనే, పొడుగు తరంగం మీద వస్తుంది. అట్టలాంటి యాంటెన్నాకి అది సరిగా అందదు. దానికి ఆ పెద్దావిడ కొమ్ములే కావాలి! ఒక్కో కొమ్మునీ పదహారు అంగుళాలు లాగి, అటూ ఇటూ చాచి పెడితే ఆ తరంగానికి సరిపోతుంది. కొమ్ములూ, మధ్యలో చిన్న చుట్టూ రెండూ ఉన్న యాంటెన్నా తెచ్చాను. 8 వచ్చేసింది. మొదటే అది కొనుంటే ఇరవై డాలర్లు మిగిలేవి.

ఇంకొక్క మాట. దగ్గర్లో టవర్ ఉన్నవాళ్ళు బూస్టర్ జోలికి పోకండి, సిగ్నల్ మితిమీరి ఉన్నదీ పోతుంది. చౌకరకం ఎల్.ఇ.డి. బల్బులూ, ఛార్జర్లూ 8 లాంటి చానెళ్ళకి అడ్డుపడతాయి. అప్పుడప్పుడు కొత్త చానెళ్ళు వస్తుంటాయి, రెండు మూడు నెలలకోసారి స్కాన్ చేయండి. కరెంటు పోతే ఇదీ పోతుంది కాబట్టి బ్యాటరీ రేడియో ఒకటి దగ్గరుంచుకోండి. సైరన్ మోగితే టీవీ ముందు కూర్చోవద్దు. కిటికీలు లేని గదిలోకి వెళ్ళి, వార్తలు వినపడేలా సౌండు పెంచుకోండి చాలు.

పోయిన వసంతంలో మళ్ళీ సైరన్ మోగింది. మళ్ళీ ఇంటర్నెట్ పోయింది. బట్టల గదిలోంచే విన్నాం, గాలి మాకు తూర్పుగా దాటిపోయిందని. అత్తగారు లేచి చీర సర్దుకుని, పొద్దుటి ఇడ్లీకి పప్పు రుబ్బడానికి వెళ్ళారు. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ వెయ్యగానే 8వ చానెల్ గళ్ళు గళ్ళయిపోయింది. "ఆపండి అత్తయ్యా, ఇంకా వాన సంగతి చెప్పలేదు!" అని మేడమీంచి నేను అరిచాను.