వృద్ధాశ్రమం నాణ్యతను కొలిచేదెలా?

జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ 1912లో మొదలైంది. ఉక్కు నాణ్యత తేల్చాలంటే నమూనా తీసి, లాగి, వంచి చూస్తారు. అది ఎంత పెద్ద షెడ్డులో తయారైందో ఎవరూ అడగరు. ఆ కర్మాగారంలో పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి ఊళ్లో వయసు మళ్లినవారు వృద్ధాశ్రమంలో చేరాల్సివస్తే, దాని నాణ్యతను దేనితో తూచాలి?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం ఒక ఆశ్రమాన్ని, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా, రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పవచ్చు. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాకూ ఇదే వర్తిస్తుంది. ఆశ్రమాల ప్రమాణాలను నిర్దేశించే అధికారం కూడా రాష్ట్రానిదే.

గదులు, మంచాలు, మరుగుదొడ్లు లెక్కపెట్టడం తేలిక. అమెరికా వైద్యుడు అవేడిస్ డోనబేడియన్ 1966లో వైద్య సేవల నాణ్యతను మూడు కోణాల్లో చూడాలన్నారు: వసతులు, పనితీరు, ఫలితం. పడక పుండ్లనే తీసుకుందాం. కదలలేని మనిషి ఒకే వైపు పడుకుని ఉంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది. ఆ ఒత్తిడికి సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి, ప్రాణవాయువు అందక కణజాలం చచ్చిపోతుంది. మంచి పరుపు ఉండటం వసతి. మనిషిని వేళకు పక్కకు తిప్పడం పనితీరు. పుండు పడకపోవడం ఫలితం. తనిఖీకి వచ్చిన అధికారికి పరుపు కనబడుతుంది, రాత్రి రెండు గంటలకు ఎవరు తిప్పారో కనబడదు.

అందుకే రికార్డు కావాలి. 1987 చట్టంతో అమెరికాలో ప్రభుత్వ నిధులు పొందే నర్సింగ్ హోమ్‌లు ప్రతి నివాసి స్థితినీ ఒకే పద్ధతిలో నమోదు చేయాల్సివచ్చింది. పడక పుండ్లు, పడిపోవడాలు, బరువు తగ్గడం వాటిలో కొన్ని.

అంకెలనూ జాగ్రత్తగా చదవాలి. 30 మంది ఉన్న ఆశ్రమంలో 30 రోజుల్లో నలుగురు, 100 మంది ఉన్నచోట తొమ్మిది మంది పడిపోయారనుకుందాం. వెయ్యి నివాస దినాలకు లెక్కిస్తే మొదటిదానిలో రేటు 4.4, రెండోదానిలో 3. అయినా మొదటి ఆశ్రమాన్ని తప్పుపట్టలేం, అది నడవలేనివారినే చేర్చుకుని ఉండవచ్చు. చేరేనాటికి ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో లెక్కలోకి తీసుకోకపోతే, కష్టమైన వారిని గేటు దగ్గరే తిప్పి పంపిన ఆశ్రమానికి మంచి మార్కులు పడతాయి. అసలు ఏమీ రాసిపెట్టని ఆశ్రమానికి ఇంకా మంచి మార్కులు!

జంషెడ్‌పూర్‌లోనైనా, కాకినాడలోనైనా ఆశ్రమం చూడటానికి వెళ్లినవారు వంటగదితోపాటు బరువుల రిజిస్టరు కూడా చూపించమని అడగవచ్చు. పేర్లు అక్కర్లేదు. ఈ ఆరు నెలల్లో ఎంతమంది బరువు పదో వంతు తగ్గింది, తగ్గాక ఏం చేశారు అన్నది చాలు.